మొలకకోనకు దారిబత్తెం

రాగిమెట్ట కోటలో వెలగని పొయ్యి ఒక్కటే ఉంది. అది పడమటి వాడలో, పేలాలు వేయించే కుందమ ఇంట్లో. మూడు రాళ్ళకూ కలిపి తాడు బిగించి, ముడి మీద లక్క పోసి, లక్క మీద సింహం తల ముద్ర గుద్ది వెళ్ళారు రాజభటులు. ఆ పొయ్యికి ఎదురుగా గడపలో కూర్చుని కుందమ రోజూ పొద్దున్నే రాజవంశాన్ని ముత్తాత దగ్గర నుంచి వరస తప్పకుండా తిట్టేది. రాజును తిట్టడం నేరమే అయినా వాడకట్టులో ఒక్కరూ ఆమెను వారించలేదు. ఆమె తిట్లలో సగం వాళ్ళ నాలుక చివర ఉన్నవే.

కుందమ వాళ్ళది తరతరాలుగా దారిబత్తెం చేసే ఇల్లు. వర్తకుడు కానీ, వేటగాడు కానీ, సైనికుడు కానీ, ఆ ఇంటి సంచి భుజాన వేసుకోకుండా కోట దాటేవాడు కాదు. పొయ్యి వెలిగించడానికి వీల్లేని చోట, నీళ్ళు తప్ప మరేమీ దొరకని చోట మనిషిని నిలబెట్టే తిండి అది.

వానలు మొదలైనప్పుడు యువరాజు చౌండరాజు మొలకకోన మీద దండెత్తాడు. ఆ కోన మసిరేడు అనే మాంత్రికుడిది. మొలకెత్తే శక్తి ఉన్న గింజ ఏదైనా ఆ నేల మీదికి వచ్చిందంటే, సంచిలో ఉన్నా, కడుపులో ఉన్నా, గడియలోపే మొలిచి, తెచ్చిన మనిషి ఒంట్లోకే వేళ్ళు దించుతుంది. వేయించిన గింజ మొలవదు కనుక యువరాజు దళమంతటికీ కుందమ చేత బత్తెం చేయించాడు. అయినా కోనలో దిగినవాళ్ళు దిగినచోటే నాటుకుపోయారు. తిరిగి వచ్చింది యువరాజు ఒక్కడే. వచ్చినవాడు సంచిలోంచి పేలని మొక్కజొన్న గింజ ఒకటి తీసి సభలో చూపించి, పచ్చిగింజలు కలిపి ఆ పేలాలదే దళాన్ని చంపిందన్నాడు. ఆ సాయంత్రమే భటులు కుందమ అమ్మమ్మనాటి మంగలాన్ని, గింజలు వేయించే ఆ వెడల్పాటి మట్టిమూకుడును, వీధిలోకి ఈడ్చుకొచ్చి పగలగొట్టారు.

నాటుకుపోయినవాళ్ళలో కుందమ తమ్ముడు బేతడు ఉన్నాడు. ఆ సంగతి సభలో ఎవరూ ఎత్తలేదు.

ఆ ఉదయం తిట్లు యువరాజు దాకా వచ్చేసరికి వీధిలో ఒక పూసలవాడు ఆగాడు. తలకు ఎర్రపాగా, మెడనిండా గాజుపూసలు, చెంప మీద శనగగింజంత పులిపిరి. దారిబత్తెం కావాలన్నాడు. కుందమ పొయ్యి మీది ముద్ర చూపించింది. పూసలవాడు భుజం మీది కావడిని వదిలేశాడు. పూసలవాళ్ళు కావడి దించేటప్పుడు ముందు మోకాళ్ళు వంచుతారు. ఇతను పక్కన ఎవరో అందుకుంటారన్నట్టు వదిలేశాడు. బుట్ట బోర్లాపడి పూసలు వీధి పొడవునా దొర్లాయి. అతను వాటిని చూస్తూ నిలబడ్డాడే కానీ వంగలేదు.

కుందమ కళ్ళు చిన్నవయ్యాయి. "ఏరుకో పూసలబ్బీ. నీ పూసలు నువ్వే ఏరుకోవాల. నీకీడ దాసీలు లేరు" అంది.

అతను గబగబా లోపలికి వచ్చి తలుపు మూశాడు. చెంప మీది పులిపిరి ఊడబీకాడు. చౌండరాజే. కుందమ గోడకు ఆనించిన తెడ్డు అందుకుంది. యువరాజు తల మీద అది విరిగి ఉండేదే కానీ, అతని మాట దానికంటే ముందు వచ్చింది.

"బేతడు బతికే ఉన్నాడు."

తెడ్డు గాలిలోనే ఆగింది.

చౌండరాజు చూసింది చూసినట్టు చెప్పాడు. మళ్ళీ అటు వెళ్ళొద్దన్న తండ్రి ఆజ్ఞ మీరి అతను మళ్ళీ కోన అంచు దాకా వెళ్ళి వచ్చాడు. దళం జొన్నచేనై నిలబడి ఉంది. ప్రతి కర్రలోనూ ఒక మనిషి ఉన్నాడు. ఆకుదొప్పల్లోంచి ముఖాలు కనిపిస్తున్నాయి. రెప్పలు కదులుతున్నాయి. కంకుల్లో పాలు పోసుకుంటున్నాయి. ఆ గింజ గట్టిపడి నేల రాలితే మనిషి ఎండుచొప్ప అయిపోతాడు, రాలిన ప్రతి గింజా మసిరేడికి ఒక బంటుగా లేస్తుంది. తొందరగా పండిన ఒక కర్ర అలా అయిపోవడం అతను కళ్ళారా చూశాడు. తక్కినవి ఎంతోకాలం ఆగవు. తూర్పుగాలి అప్పుడే ఎండుగా వీస్తోంది. తను వెళుతున్నట్టు తల్లికి తప్ప ఎవరికీ తెలియదని, కోనలోకి మోసుకుపోగల తిండి ఈ ఇంట్లో తప్ప పుట్టదని చెప్పి తలదించుకున్నాడు.

"నా మంగలం పగలగొట్టించి, నా నోటికాడ కూడు తీసి, ఇప్పుడు నా కాడికే వస్తివా" అంది కుందమ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. "చేస్తా. నీకోసం కాదు, నా తమ్ముడికోసం. నేనూ వస్తా. వేయించేది నేను, తెడ్డు తిప్పేది నువ్వు. ఒక్కో గింజా నీ కళ్ళతో చూసుకో. రేపు మళ్ళా సభలో నిలబడి నా పేరు చెప్పేదానికి నీకు సాకు మిగలగూడదు."

చౌండరాజు ముందుకు వెళ్ళి పొయ్యి మీది సింహం తలను మడమతో తొక్కి పగలగొట్టాడు. అది తన తండ్రి ముద్ర. కుందమ మెచ్చుకోలేదు, చీపురు తెచ్చి లక్కముక్కలు ఊడ్వమంది.

పగిలిన మంగలంలో పెద్దపెంకును ఆమె అటక మీద దాచింది. దాన్ని దించి రాళ్ళ మీద కూర్చోబెట్టింది. పిడకలు తేబోయిన యువరాజును వెనక్కి లాగింది. ఆవు తిన్న గింజ పేడలో కూడా చావదని, ఈ ప్రయాణానికి పిడక ముట్టకూడదని, వంటకూ దారికీ బొగ్గులే వాడాలని చెప్పింది. ఏటి ఇసుక జల్లించి, కడిగి, ఆరబెట్టినది పెంకులో పోసింది. చిలకరించిన నీటిచుక్క ఇసుక మీద గోలీలా దొర్లినప్పుడు గుప్పెడు మొక్కజొన్నలు వేసి తెడ్డు అతని చేతికిచ్చింది.

రెండు గింజలు టపటపా పేలి తెల్లగా విచ్చుకోగానే చౌండరాజు ముఖం వెలిగింది. కుందమ ఆ రెండింటినీ ఏరి బయటికి విసిరింది. పేలినవి గుమ్మంలో కూర్చుని తినడానికి బాగుంటాయి. సంచిలో చోటు తింటాయి, రెండో రోజుకు పిండై అడుగుకు చేరతాయి. దారికి వేయించే మొక్కజొన్నను పేలనివ్వకూడదు. ఇసుక సెగ తగ్గించి, తెడ్డు ఆపకుండా తిప్పితే గింజ లోపలిదాకా ఉడుకెక్కి ఉబ్బుతుంది. పొట్ట మీద సన్నగా చిట్లుతుంది. ఇటుకరంగు వచ్చిందనగా జల్లెడలో ఒంపి ఇసుక రాల్చాలి. అలాంటివి గుప్పెడు నమిలి నీళ్ళు తాగితే పొద్దంతా నడవొచ్చు.

జల్లెడలో మిగిలిన గింజలను చూసి చౌండరాజు తెడ్డు ఆపేశాడు. సభలో తాను వేళ్ళ మధ్య పట్టుకుని చూపించినది అచ్చం ఇలాంటిదే. పేలనిది, గట్టిది, ఇటుకరంగుది.

కుందమ ఒక గింజ తీసి అతని పళ్ళ మధ్య పెట్టింది. "కొరుకు."

అది పటుక్కున విరిగింది. కమ్మగా ఉంది.

"పచ్చిదేనా?"

అతను తల అడ్డంగా ఊపాడు. కుందమ అతని చేతిలోని తెడ్డును గుంజి, ఇసుక మాడుతోందని కసిరి, మళ్ళీ చేతికిచ్చింది. 

తర్వాత జొన్నలు పేలాలు చేశారు. వాటిని రోట్లో వేసి, నల్లబడేదాకా వేయించిన జీలకర్ర, శొంఠి, ఉప్పు చేర్చి పేలపిండి దంచారు. సగం పిండిని అలాగే ఉంచి, సగంలో బెల్లంపాకం పోసి, చేయి కాలుతుండగానే ఉండలు చుట్టారు. సజ్జరొట్టెలను పల్చగా తట్టి, పెనం మీంచి తీశాక నిప్పుల పక్కన నిలబెట్టి అప్పడంలా ఎండబెట్టారు. చింతపండులోంచి ఈనెలు, పిక్కలు తీసి, ఎండుమిరపకాయల్లోంచి విత్తనాలు దులిపి, రెండింటినీ ఉప్పుతో నూరి ముద్ద చేశారు. ముద్దను కుందమ వేళ్ళతో మూడుసార్లు వెతికింది. మూడోసారి ఒక మిరపగింజ దొరికింది. దాన్ని యువరాజు ముక్కు ముందు పెట్టి చూపించి, ఇది చాలు నీ గొంతులోంచి మిరపచెట్టు లేవడానికి అంది.

చివరి పరీక్ష తడిగుడ్డది. ఒక్కో వాయిలోంచి పిడికెడు తీసి, వేరువేరు తడిగుడ్డల్లో కట్టి, నీళ్ళకుండ మెడకు వేలాడదీసింది. మొలక రావాలంటే అందులోనే వస్తుంది. మొదటి దండయాత్రప్పుడు యువరాజు మనుషులు ఈ పరీక్షకు వ్యవధి ఇవ్వలేదు. వేడివేడి సంచులనే బండ్లకెత్తుకుని పోయారు. కుందమ కోపానికి అడుగున ఉన్నది అదే. తన గింజ మంచిదని ఊరందరి ముందూ అరిచింది కానీ, ఆ రోజు గుడ్డ విప్పి చూడలేదు. ఈసారి తెల్లవారగానే ఒక్కొక్క మూటా విప్పి, వాసన చూసి, గింజ గింజనూ ఎండకు పెట్టి చూసింది. ఒక్కదానికీ మొలక లేదు. రోటికి చేరగిలబడి, బొబ్బలెక్కిన చేతులు ఒళ్ళో పెట్టుకుని యువరాజు నిద్రపోతున్నాడు. కాలితో తట్టి లేపింది.

ఇద్దరూ తలలు దువ్వుకుని, బట్టలు రాతి మీద బాది దులిపి కట్టుకున్నారు. కుందమ సంచులు కడుతుండగా చౌండరాజు ఒక్కమారు అమ్మకు మొక్కి వస్తానని పెరటిదారిన వెళ్ళాడు. త్వరగానే వచ్చాడు. పాగా కొత్తగా చుట్టి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కుందమ అతని పులిపిరిని సరిచేసి, ఇక్కడి నుంచి ఊరు దాటేదాకా తాను అక్క, అతను తమ్ముడు అని చెప్పింది.

"సరే అక్కా" అన్నాడు.

"మనుషులెదురైనప్పుడే. తక్కినప్పుడు ఆ పిలుపు నీది కాదు."

కోట గుమ్మంలో కావలివాడు సంచిలో చేయి పెట్టి గుప్పెడు గింజలు నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. నమలడం ఆపి కుందమ ముఖం చూశాడు. "ఈ రుచి తెలీదా నాకు. నీ పొయ్యికి ముద్రుంది గదా" అన్నాడు.  వాడు మరో గుప్పెడు తీసుకుని, తన అన్న కూడా ఆ కోనలోనే ఉన్నాడని చెప్పి, యువరాజును తిట్టడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళ ముందు అనకూడనివి కూడా అన్నాడు. కావడి మోస్తున్న పూసలవాణ్ణి, నిజమే కాదా అబ్బీ అని అడిగాడు. నిజమేనన్నాడు పూసలవాడు. గట్టిగా చెప్పమన్నాడు కావలివాడు. పూసలవాడు గట్టిగా చెప్పాడు. కావలివాడు గుమ్మం తీసి, తానేమీ చూడలేదని గోడవైపు తిరిగాడు. ఎన్నో నెలల తర్వాత ఆ రోజు కుందమకు నవ్వు వచ్చింది. దాన్ని యువరాజుకు చూపించడం ఇష్టంలేక ముందు నడిచింది.

రాగిమెట్ట దాటితే ఎర్రనేల పోయి నల్లబండలు వచ్చాయి. బండల మధ్య సెలయేళ్ళు వెండితీగల్లా మెరిశాయి. చెట్లులేని ఆ కొండల మీద మబ్బునీడలు ఏనుగుల మందల్లా నడిచాయి. ఇద్దరూ పొయ్యి వెలిగించకుండా, గింజలు నములుతూ, పేలపిండి నీళ్ళలో కలుపుకుని తాగుతూ, మధ్యమధ్యలో పోట్లాడుకుంటూ నడిచారు. వాన తగిలి సంచి చెమ్మగిల్లినరోజు మాత్రం బండ నీడన బొగ్గులు రాజేసి, పెంకులో ఇసుక కాచి, బత్తెమంతా మళ్ళీ వేయించారు. ఆ పెంకునూ, ఇసుకమూటనూ, బొగ్గులనూ ఎందుకు మోస్తున్నామో చౌండరాజుకు అప్పుడు అర్థమైంది.

కోనకు ముందు ఒక అగాధం ఉంది. దాని అంచున మేకలు నడిచేంత వెడల్పు బాట. వాళ్ళు సగందూరం వెళ్ళేసరికి ఆకాశం ఆకుపచ్చగా మారింది. అవి మసిరేడి చిలుకలు. కళ్ళు నిప్పుకణికలు, ఒక్కో ముక్కునా ఒక పచ్చిగింజ. కుందమ మంగలం పెంకును ఇద్దరి తలల మీదా బోర్లించి పట్టుకుంది. గింజలు పెంకు మీద వడగళ్ళలా పడి అగాధంలోకి దొర్లాయి. చౌండరాజు కావడిబద్దలోంచి దాచిన కత్తి దూసి చిలుకలను చెదరగొట్టాడు. ఇంతలో కింద నుంచి ఒక గర్జన లాంటి చప్పుడు లేచింది. అగాధం అడుగు కూడా కోన నేలే కావడంతో, అందులో పడ్డ గింజలన్నీ ఒక్కసారే మొలిచి, కొమ్మలు చేతుల్లా చాస్తూ పైకి దూసుకొస్తున్నాయి. ఒక కొమ్మ బాటను విరగ్గొట్టింది. మరొకటి చౌండరాజు కాలు పట్టుకుంది. దాన్ని నరికేలోగా వెనకబాట కూలిపోయింది. కుందమ ఒక్కక్షణం కూడా ఆలోచించలేదు. పైకి లేస్తున్న కొమ్మ మీదికి దూకి, దూకమని అరిచింది. అతను దూకాడు. కొమ్మ వాళ్ళను కొండంత ఎత్తుకు మోసుకుపోయి, తన బరువు తానే ఆపలేక అవతలి గట్టు మీదికి ఒరిగింది. వాళ్ళు ఆకుల మధ్య నుంచి జారి, దొర్లి, లేచి నిలబడ్డారు.

ఎదురుగా మొలకకోన.

కోన అడుగంతా జొన్నచేను. ఆకులు పచ్చపట్టులా నిగనిగలాడుతున్నాయి. కంకులు ముత్యాలగుత్తుల్లా బరువెక్కి వంగాయి. గాలి వీస్తోంది, అయినా చేను గలగలమనడం లేదు. అన్ని కర్రలూ ఊపిరి బిగబట్టినట్టు నిలబడి ఉన్నాయి. కుందమ చేనులోకి దిగి ఒక్కొక్క కర్ర ముందూ ఆగుతూ వెళ్ళింది. పొరుగింటి మనిషి ఒకడు కనిపించాడు. కావలివాడి అన్న కనిపించాడు. అటు తర్వాత ఒక ఆకుదొప్పలో వెండి చెవిపోగు మెరిసింది. దాని పక్కనే బేతడి ముఖం, చెక్కలో చెక్కినట్టు. రెప్పలు అదురుతున్నాయి. కుందమ చేయెత్తి కంకిలో ఒక గింజను గోటితో నొక్కింది. పాలు రాలేదు. తడిపిండి లాంటిది కొంచెం వచ్చింది.

"ఇంక పొద్దు లేదు" అంది.

చౌండరాజు కర్రను మొదట్లో నరకడానికి కత్తి ఎత్తాడు. కుందమ అతని మణికట్టు పట్టుకుని, ఆకు అంచును గోటితో చీల్చి చూపించింది. చీలికలోంచి ఎర్రటి చుక్క ఊరింది. నరికితే తెగేది తమ్ముడే. అతను కత్తి దించబోయి, దించలేక, తల పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అక్కా."

ఈసారి అది వేషం కోసం పిలిచిన పిలుపు కాదు. అతని పాగా తనంతట తానే పైకి లేస్తోంది. అంచు సందుల్లోంచి ఆకుపచ్చటి మొనలు బయటికి వస్తున్నాయి. కుందమకు ఒళ్ళు మండింది. గింజ గింజనూ పరీక్షించి తెచ్చింది. దారి పొడవునా చింతపిక్క కూడా తొక్కనివ్వలేదు. ఏం తెచ్చినావురా పచ్చిది అని కేకపెట్టి, పాగాను పట్టి లాగేసింది. జుట్టు మధ్యలో నాలుగు జొన్నగింజలు మొలిచి ఉన్నాయి. వేళ్ళు తలలోకి దిగుతున్నాయి. గింజల మీద ఇంకా పసుపు అంటి ఉంది.

అక్షతలు.

రాగిమెట్ట మెట్టరాజ్యం. వరి పండదు. అక్కడ అక్షతలంటే పసుపు పూసిన పచ్చిజొన్నలే. విరిగిన గింజతో దీవించడం అశుభమని, మంచి గింజలనే ఏరి కలుపుతారు. మొక్కడానికి వెళ్ళిన కొడుకు తల మీద రాజమాత అవే వేసింది. దీవెనను ధాన్యం కింద ఎవరు లెక్కవేస్తారు?

కుందమ చేతిలో పాగా అలాగే ఉండిపోయింది. దళం బయల్దేరిన ఉదయం కళ్ళముందుకు వచ్చింది. వీధికి రెండువైపులా అరుగుల మీద ఆడవాళ్ళందరూ పళ్ళేలతో నిలబడ్డారు. సైనికుల తలల మీద పసుపుపచ్చటి వాన కురిసింది. యువరాజు కిరీటం తీయడు కనుక అతని అక్షతలు మాత్రం ఆచారం ప్రకారం కత్తి మీద వేసి తుడిచారు. ఆ ఒక్కడే తిరిగి వచ్చాడు. ఆమె కూడా అరుగు మీదే ఉంది. బేతడి ఉంగరాల జుట్టులో దోసెడు నిండా పోసింది. చాలక్కా, కళ్ళల్లో పడతాండాయి అని వాడు నవ్వాడు.

తన బత్తెంలో తప్పు లేదు. యువరాజు తొందరలోనూ లేదు. ఇన్నాళ్ళూ ఒకరి మీద ఒకరు పోసుకున్న కోపం నిలవడానికి చోటు లేకుండా పోయింది. అది చల్లారలేదు. మలుపు తిరిగింది. ఊరి ఆడవాళ్ళ దీవెన చూసుకుని ఈ నేలకు మంత్రం వేసినవాడు ఒకడున్నాడు.

ముందు ఈ తల సంగతి చూడాలి. లాగితే మొలకతో పాటు ప్రాణం వస్తుంది. నిప్పు పెడితే మనిషి కాలతాడు. గింజ చావాలి, తల మాడకూడదు. ఆ వేడి ఎంతో కుందమ చేతికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. బొగ్గులు రాజేసి, పెంకులో ఇసుక పోసి, నీటిచుక్క దొర్లేదాకా కాచి, తర్వాత సెగ తగ్గించి, పైన పట్టిన అరచేయి ఓర్చుకోగలిగే వేడికి తెచ్చింది. ఇసుకను గుడ్డలో మూటగట్టి అతని తల మీద అద్దింది. చౌండరాజు పళ్ళు బిగబట్టాడు. మూట తీసి చూస్తే వేళ్ళు ముడుచుకున్నాయి. మళ్ళీ అద్దింది. మొలకలు ఇటుకరంగుకు తిరిగి, ఎండిన పుల్లల్లా రాలిపడ్డాయి.

"ఇప్పుడు తెడ్డు పట్టుకో" అంది. "ఆపితే చంపుతా."

అతను తిప్పాడు. బొబ్బలు చితికిన చేతులతో, తలలోంచి కారే నెత్తురు తుడుచుకోకుండా తిప్పాడు. కుందమ వేడి ఇసుకను బేతడి కర్ర మొదట్లో చుట్టూ గట్టులా పోసింది. మూట తిప్పి తిప్పి ఆకుదొప్పల మీద కాపడం పెట్టింది. వాయి తర్వాత వాయి. కర్ర పసుపురంగుకు తిరిగింది. కంకిలో గింజలు ఒక్కొక్కటే ఉబ్బి, చిట్లి, చచ్చిపోయాయి. ఆకుదొప్ప నిలువునా చీలి, బేతడి తల, మెడ, కుడిచేయి బయటికి వచ్చాయి. నడుము కిందిభాగం ఇంకా కర్రలోనే ఉంది. వాడు కళ్ళు తెరిచి చాలాసేపు అక్క ముఖం చూశాడు.

"ఆకలక్కా" అన్నాడు.

కుందమ సంచిలోంచి గుప్పెడు మొక్కజొన్నలు తీసి, ఒక్కొక్కటే నోట్లో పెట్టింది. వాడు కష్టంగా నమిలాడు.

"ఉప్పు తక్కువేసినావు."

"నోరు మూసుకుని తిను" అంది కుందమ. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా గొంతు మాత్రం తిడుతున్నట్టే ఉంది.

అప్పుడు గాలి ఆగింది. చేను రెండుగా పాయ తీసింది. ఆ పాయలోంచి మసిరేడు వచ్చాడు. ఒళ్ళు వంటింటి గోడ మీది మసిలా నల్లగా ఉంది. గడ్డం మాత్రం లేతమొలకల పచ్చ. అడుగు వేసినచోటల్లా నేల తడిగా ముడుచుకుని విచ్చుకుంటోంది. అతను కోపంగా లేడు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు పలకరించాడు.

"నా చిలుకలను తప్పించుకుని వచ్చావు తల్లీ, సంతోషం. కానీ మీ దళం తలల మీద నేను ఒక్క గింజ వేయలేదు. నేల దున్ని ఉంచానంతే. నాటింది మీరే. మంచి గింజలు ఏరి, పసుపు పూసి, పాటలు పాడి మరీ నాటారు. సొంత పైరును ఇప్పుడెందుకు మాడుస్తావు? నాలుగు రోజులు ఆగితే కోతకు వస్తుంది."

బేతడు తల తిప్పి అక్కను చూశాడు. పసుపుగింజల సంగతి వాడికి తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది. కుందమ మసిరేడి ముఖం చూడటం మానేసి కాళ్ళు చూసింది. ఆమె పోసిన ఇసుకగట్టు దగ్గర అతను నేరుగా రాకుండా చుట్టుతిరిగి ఆగాడు. అతని మడమల కింద తెల్లటి పోగులు నేలలోకి దిగి, అడుగు తీసినప్పుడు సాగి, వేసినప్పుడు మళ్ళీ దిగుతున్నాయి.

వేళ్ళు. ఇతనూ మొలిచినవాడే. మొలిచినదేదైనా వేడి ఇసుకకు చావాల్సిందే.

చౌండరాజు చేయి తెడ్డును వదిలి కత్తి వైపు వెళ్ళింది.

"అది కాదు తమ్ముడూ" అంది కుందమ, అతనివైపు చూడకుండానే. "తెడ్డే పట్టుకో. ఇసుక చల్లారుతాంది."

అతను మిగిలిన బొగ్గులన్నీ పెంకు కిందికి తోసి, ఇసుక ఎర్రబడేదాకా తిప్పాడు. కుందమ పాగా గుడ్డను రెండు చేతులకూ చుట్టుకుని, అమ్మమ్మనాటి మంగలంలో మిగిలిన ఆ పెంకును నిప్పుల మీంచి ఎత్తి పట్టుకుంది. వేడికి ఆమె ముఖం ముందు గాలి వణికింది. ఇసుకగట్టు దాటి, తడినేల మీద మొదటి అడుగు వేసింది.

మసిరేడి ముఖం మీది మర్యాద చెదిరింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. నేలలో ఎక్కడో ఒక వేరు తెగిన చప్పుడు వినిపించింది. కోనలోని కంకులన్నీ, తమనూ విడిపించమన్నట్టు, ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి.